గాలి గొట్టంలో బొమ్మ బండి

సోమవారం

నా పేరు దుర్గం ఓదెలు. కొత్తగని, కింది లైను, మలుపు అవతలి ఇల్లు. ఇంటికొకరు దినచర్య రాసి ఆఫీసుకు పంపాలన్నది మీ రూలు కాబట్టి రాస్తున్నాను. నాకు చదువు తక్కువ. అక్షరాలు కూడబలుక్కుని రాస్తాను. తప్పులుంటే మీరే దిద్దుకోండి. మీ దగ్గర చదువుకున్నవాళ్లకు కొదవ లేదు కదా.

ముందు పాత సంగతి చెప్పాలి. అది చెప్పకుండా కొత్తది రాయలేను.

సొరంగంలో యంత్రం ఎదురొస్తే లైసెన్సు లేనివాళ్లు గోడవైపు తిరిగి నిలబడాలని మీరు రూలు పెట్టారు. మా ముఖాలు కనబడితే యంత్రం కన్ను తికమక పడుతుందట. నేను భూమ్మీద బొగ్గుబాయిలో హాలేజీ నడిపినవాణ్ని. నిండు టబ్బుల వరసను ఇనుపతాడు మీద ఏటవాలులో దించి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు కింద ఆపినవాణ్ని. ఇక్కడికొచ్చిన ఏడు లైసెన్సు పరీక్ష అన్నారు. నడిపి చూపిస్తానన్నాను. నడపడం తర్వాత, ముందు తెరమీద ప్రశ్నలు చదవమన్నారు. నేను మొదటి ప్రశ్న చదవడం పూర్తయ్యేసరికి టైమైపోయింది. అంతే. ఆ పూట నుంచి, నేను నడపగలిగిన ప్రతి యంత్రానికీ వీపు చూపిస్తూ బతికాను. నడిపే పిల్లలు నన్ను దాటుతూ "సారీ తాతా" అంటారు. మీ సారీ ఎవరిక్కావాలి? దిగి నా చేతికివ్వండి.

ఈ కోపం నా కడుపులో ఏళ్ల తరబడి ఉంది. ఉంటుంది.

ఇక ఇవాళ్టి సంగతి. మలుపు అవతలి ఇళ్లలో గాలి తగ్గింది. పొద్దున లేస్తే తలకాయ బండరాయి. బాలవాడిలో మా వైపు ఇళ్ల పిల్లలు ఆడుకోవడం మాని గోడకు ఒరిగి నిద్రపోతున్నారు. ప్రతి ఇంట్లో గాలి కంత దగ్గర ఒక కాగితం ముక్క కట్టి ఉంటుంది, గాలి వస్తోందని తెలియడానికి. మలుపు ఇవతల ఇళ్లలో అది గాలిపటంలా కొట్టుకుంటోంది. మా ఇంట్లో చచ్చిన బల్లిలా వేలాడుతోంది.

ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఫ్యాను దగ్గర మీటరు సరిగ్గానే ఉందట. అంటే మా వైపు సొరంగం రాయి పగిలి గాలి అందులోకి పోతున్నట్టేనట. కాబట్టి మలుపు అవతలి ఇళ్లన్నీ ఇప్పటినుంచి మూడో ఆదివారం మూసేసి, మమ్మల్ని కొత్త హాలుకు మారుస్తారట.

మా అక్క కొమురవ్వ ఆ కాగితం నాతో చదివించుకుంది. ఆమెకు రెండు కళ్లూ కనబడవు. ఇక్కడికి వచ్చిన కొద్ది కాలానికే దుమ్ము కాటుకు పోయాయి. కానీ మా లైనులో ఆమె నడిస్తే కళ్లున్నవాళ్లు పక్కకు తప్పుకుంటారు. ఏ ఇంటి గడప ఎక్కడ ఎత్తుందో, ఏ గోడ చెమ్మ పట్టిందో, నీళ్ల కుళాయి ఎక్కడో, అన్నీ ఆమె అరచేతిలో ఉన్నాయి.

"సదివినవా? మల్ల సదువు" అంది.

మళ్లీ చదివాను.

"రాయి పగిలిందా! గోడల మీద నా శెయ్యి పడని జాగ లేదు. యాడ పగిలిందో సూపియ్యుమను" అంది.

మంగళవారం

భూమ్మీద మంగళవారం కొత్త పని మొదలుపెట్టేవాళ్లం కాదు. అంగారకుడి మీదికి వచ్చి కూర్చున్నాక ఆ పట్టింపు ఏం చేసుకుంటాం? ఇక్కడ ఏడు రోజులూ మంగళుడి నెత్తిమీదే. అందుకని ఇవాళే పై లైనుకు ఎక్కి గాలి ఆఫీసుకు పోయాను.

అక్కడ సంహిత అని ఇంజనీరమ్మ ఉంది. చిన్నపిల్ల. కుర్చీ వేసింది, అది ఒప్పుకుంటాను.

"పగులు మీరు కళ్లతో చూశారా అమ్మా?" అన్నాను.

"చూడక్కర్లేదు పెద్దాయనా. లెక్క ప్రకారం అంతే. ఫ్యాను పంపుతోంది, మీ దగ్గరికి రావడంలేదు. మధ్యలో ఎటో పోవాలి కదా."

"గొట్టం లోపల ఏదైనా అడ్డం పడి ఉంటే?"

"అది తెలియాలంటే లోపలికి రోవర్ పంపాలి. పెద్దది ఆ గొట్టంలో పట్టదు. చిన్నది ఒక్కటే ఉంది, పై లైన్ల డ్యూటీలో ఉంది. మీ వంతు వచ్చే ఏడు."

"మీరు మూసేది మూడో ఆదివారం."

ఆ పిల్ల తెరమీద తేదీ మళ్లీ చూసుకుంది. నేను అన్నాను: "అయితే నాకు ఒక యంత్రం ఇవ్వండి. నేను పంపుతాను."

"మీకు లైసెన్సు లేదు."

"మేం చేసుకుంటే?"

"చేసినా నడపకూడదు." తర్వాత నవ్వింది. మంచి నవ్వే గానీ నాకు కాలింది. "పిల్లల బొమ్మయితే ఫర్వాలేదు పెద్దాయనా. బొమ్మలకు లైసెన్సు అక్కర్లేదు."

గదిలో ఇంకో ఇద్దరు కూడా నవ్వారు. మీరు ఈ మాట గుర్తుంచుకోండి. బొమ్మకు లైసెన్సు అక్కర్లేదని మీ ఇంజనీరమ్మ ముగ్గురి ఎదుట చెప్పింది.

కిందికి దిగి నేరుగా బాలవాడికి పోయాను.

బుధవారం

బాలవాడి నడిపేది స్వరూప. ఒకదాని మీద ఒకటి నొక్కితే అతుక్కునే ప్లాస్టిక్ బిళ్లలు, ఇటుకల్లాంటివి, ఆమె దగ్గర పెద్ద పెట్టె నిండా ఉన్నాయి. వాటితోపాటు పళ్లచక్రాలు, ఇరుసు పుల్లలు, అగ్గిపెట్టెంత మోటార్లు, ఒక బ్యాటరీ డబ్బా, రెండు మీటలున్న రిమోటు కూడా. పిల్లలు వాటితో బండ్లు కట్టి గోడకు గుద్దించి సంబరపడతారు.

"కాకా, గీ ఈడుల బొమ్మలు గావాల్నా నీకు?" అంది.

గాలి సంగతి చెప్పాను. ఆమె ఇల్లు కూడా మలుపు అవతలే. నవ్వు ఆపింది. పెట్టె నా ముందుకు తోసి, వెంటనే మళ్లీ సగం వెనక్కి లాక్కుంది.

"పచ్చయి, ఎర్రయి తీస్కపో. పసుపు బిళ్లలు మాత్రం ముట్టకు. అయ్యి పోరగాళ్ల ఏనుగుయి. ఏనుగు ఇరిగితే నా పానం తీస్తరు."

పచ్చవి, ఎర్రవి తెచ్చుకున్నాను. పొద్దున జొన్న గటక తిని, తోటకూర మళ్ల మీద దీపాలు తిప్పి, నీళ్ల వంతు పట్టి, ఆ తర్వాత గచ్చు మీద కూర్చుని కట్టడం మొదలుపెట్టాను.

నా వేళ్లు లావు. ఆ బిళ్లలు పిల్లల వేళ్లకు చేసినవి. మొదటి బండి పూర్తయ్యేసరికి గాలి కంతలో పట్టనంత ఎత్తు అయింది. అక్క తడిమి చూసింది.

"ఏందిరా ఇది, పెండ్లి పల్లకినా? పెండ్లికొడుకేడి?"

విప్పేశాను.

శుక్రవారం

రెండో బండి పొట్టిగా కట్టాను. మోటారుకు చక్రం నేరుగా తగిలించాను. గచ్చు మీద ఎలుకలా ఉరికింది. చెప్పు అడ్డం పెడితే ఆగిపోయింది. అప్పుడు నన్ను నేనే తిట్టుకున్నాను. హాలేజీలో ఏం చేసేవాళ్లం? చిన్న పళ్లచక్రం పెద్దదాన్ని తిప్పుతుంది. వేగం పోతుంది, బలం వస్తుంది. బొమ్మయినా అంతే, బాయి అయినా అంతే. మోటారు మీద చిన్న చక్రం, దానికి పెద్ద చక్రం, ఆ ఇరుసు మీద మళ్లీ చిన్నది, దానికి మళ్లీ పెద్దది. ఈసారి చెప్పు మీదికెక్కి అవతలికి దిగింది. నడక గర్భిణి నడకే. కానీ దిగింది.

కుడివైపు చక్రాలకు ఒక మోటారు, ఎడమవైపు వాటికి ఒకటి. రిమోటులో కుడి మీట కుడివైపుకు, ఎడమ మీట ఎడమవైపుకు. ఒకవైపు ఆపి ఇంకోవైపు నడిపితే బండి ఆపిన వైపుకు తిరుగుతుంది. వచ్చే బండిని ఎదురుగా చూస్తూ నడిపితే మాత్రం కుడిఎడమలు తిరగబడతాయి. మూడుసార్లు పొయ్యి గట్టుకు గుద్దాను.

ఇంకో తంటా ఏమిటంటే, కాసేపు తిరిగేసరికి అదురుకు బిళ్లలు ఊడిపోతున్నాయి. ఒకదాని మీద ఒకటి నిట్టనిలువుగా పేర్చితే ఊడక ఏమవుతాయి? బాయిలో పైకప్పుకు దన్ను పెట్టేటప్పుడు మొద్దులు ఒక వరస నిలువు, ఒక వరస అడ్డం పేరుస్తాం. అలా పేర్చాను. రెండు అతుకుల మీద మూడో బిళ్ల పడేటట్టు. ఇప్పుడు గచ్చు మీద కొడితే గచ్చుకే దెబ్బ.

అక్క పక్కన కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తూ వింటోంది.

"దీని సప్పుడు మంచిగున్నదిరా తమ్మీ. ఇందాక గురక వెట్టింది. ఇప్పుడు మూలుగుతాంది."

"గురక మంచిదా, మూలుగు మంచిదా అక్కా?"

"గురక వెట్టేటోడు పంటడు. మూలిగేటోడు పని జేస్తడు."

ఆదివారం

ఇవాళ మీ మనుషులు వచ్చి మా అక్కను కొత్త హాలు చూపించడానికి తీసుకుపోయారు. మారేముందు అలవాటు చేయడం అట. నేను కూడా వెళ్లాను.

హాలు బాగుంది. లేదనను. గాలి బాగుంది, వెలుగు బాగుంది. గోడలు గుండ్రంగా, గాజులా నున్నగా ఉన్నాయి. మూల అన్నది లేదు. మంచాలు చక్రాల మీద ఉన్నాయి. ఊడ్చే యంత్రం వచ్చినప్పుడల్లా వాటంతట అవే జరిగి, పని అయ్యాక ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఆగుతాయి.

అక్క గోడకు చెయ్యి ఆనించి నడవడం మొదలుపెట్టింది. నడిచింది, నడిచింది. గోడ అయిపోలేదు. గుండ్రం కదా. బయలుదేరిన చోటికే వచ్చి, ఇంకా ముందుకు పోతున్నాననుకుంటోంది. తలుపు దాటిపోయింది, ఆమెకు తెలియలేదు. గోడ వదిలి నడిమికి వచ్చేసరికి, ఇందాక లేని మంచం కాలికి తగిలి బోర్లా పడింది, దాని అంచు నుదుటికి కొట్టుకుంది.

మీ మనిషి "జాగ్రత్త అమ్మమ్మా" అన్నాడు. దేనికి జాగ్రత్త పడాలో చెప్పలేదు.

ఇంటికి వచ్చాక నుదుటికి పసుపు పెట్టాను. గోడలకు, గోడలు వేసినవాళ్లకు, నాకు కలిపి నాలుగు తిట్లు పడతాయని ఎదురుచూశాను. ఒక్క మాట మాట్లాడలేదు. గటక పెడితే తిన్నది. నీళ్లిస్తే తాగింది. మా అక్క నోరు మూసుకోవడం నేను పుట్టినప్పటి నుంచి చూడలేదు.

పడుకునే ముందు ఒక్కమాట అంది. "గక్కడికి వోతె నేను నిజంగ గుడ్డిదాన్నయితరా."

మీరు ఈ లైను మూస్తే మూసేది సొరంగం ఒక్కటే కాదు. ఇది రాసి పెట్టుకోండి.

మంగళవారం

బండిని మా గాలి కంతలో పెట్టాను. నడుముకు తాడు కట్టాను, ఆగిపోతే వెనక్కి లాగడానికి. కెమెరా లేదు. బాలవాడిలో ఉండదు. లోపల బండి ఎక్కడుందో కళ్లకు తెలియదు.

అక్క అంది: "నీకు ఎర్కగాకపోతే నాకు ఎర్కయితది."

గాలి గొట్టం మా గోడ వెంట భుజమెత్తున పోతుంది. రేకు గొట్టం. అక్క దాని మీద అరచెయ్యి ఆనించింది. లోపల చక్రాలు తిరిగితే రేకు అదురుతుంది. ఆ అదురు వెంట ఆమె నడిచింది. బాయిలో హాలేజీ నడిపేవాడికి టబ్బులు కనబడవు. కింద ఉన్నవాడు గంట కొడతాడు, పైవాడు వింటాడు. ఒక గంట ఆగు, రెండు గంటలు పోనియ్యి, మూడు వెనక్కి. మేం కూడా అదే పెట్టుకున్నాం. ఆమె చేతిలో గరిటె. గొట్టం మీద రెండు దెబ్బలు. పోనిచ్చాను.

మలుపు దాకా పోయింది. అక్కడ గరిటె ఒక్కసారి మోగింది. ఆపాను. మళ్లీ రెండు మోగాయి. మీట నొక్కితే కదలదు. రేకు వంపు తిరిగేసరికి రిమోటు మాట బండికి వినబడటంలేదు.

తాడు పట్టి లాగాను. వచ్చింది. ముందు చక్రానికి ఒక గుడ్డ పీలిక చుట్టుకుని ఉంది. పసుపు రంగు.

స్వరూప చూసి, "నా ఏనుగు కాదు గదా?" అంది. బిళ్ల కాదు, గుడ్డ. పసుపు నీళ్లలో ముంచిన గుడ్డ.

నేను, అక్క, స్వరూప ఒకరి వైపు ఒకరం తిరిగాం. అది ఏమిటో మాకు ముగ్గురికీ తెలుసు. మీకు తెలియదు, చెబుతాను.

మొదటి రోజుల్లో ఒకసారి ఫ్యాను ఆగిపోయి, మళ్లీ తిరిగింది. పిల్లలతో సహా అందరం బతికాం. గాలి మైసమ్మ కాపాడిందని ఆడవాళ్లు పసుపు గుడ్డలో గనిరాయి మూటగట్టి, గాలి కంత జాలీకి లోపలివైపు ముడుపు కట్టారు. అప్పటి నుంచి ఇల్లు చేరితే ఒక ముడుపు, పెళ్లయితే ఒక ముడుపు, కాన్పు అయితే ఒక ముడుపు. దారం ఎన్నాళ్లుంటుంది? చివికి తెగుతుంది. గాలి ఈడ్చుకుపోతుంది. రాయి బరువుకు నేరుగా పోయి, మలుపులో పడుతుంది.

రాయి పగలలేదు. మేమే కుక్కాం.

బుధవారం

మలుపు దగ్గరికి రిమోటు మాట అందాలంటే మలుపును ఆనుకునే ఉన్న ఇవతలి ఇంటి కంతలో నుంచి నడపాలి. అది పోశాలు ఇల్లు. పోశాలు నాకు బావ వరస. మా లైనులో ముడుపులు కట్టించేది ఆయనే. ఆయనకు గాలి దండిగా వస్తుంది. కాగితం ముక్క ఆయన ఇంట్లో కొట్టుకునే చప్పుడుకు నిద్ర పట్టడంలేదని నాకే ఫిర్యాదు చేశాడు ఒకసారి.

"బావా, జాలీ తియ్యాలె" అన్నాను.

"ఎందుకు?"

చెప్పాను. ఆయన గడపలో అడ్డంగా నిలబడ్డాడు. చుట్టూ ఆడవాళ్లు చేరారు.

"మొక్కిన ముడుపు గుంజుతవా? తల్లికి కోపమొస్తె మల్ల ఫ్యాను ఆగుతది. అప్పుడు నువ్వు ఊదుతవా నోటితోని?"

"మా దిక్కు ఆగే ఉన్నది గదా బావా."

"మీ దిక్కు రాయి పగిలిందని ఆఫీసోళ్లే రాసిండ్రు. సదువుకున్నోళ్లకంటె ఎక్కువనా నువ్వు? ఆట బొమ్మ పట్టుకోని ఊరేగుతున్నవ్ బామ్మర్దీ. నీ అసలు బాధ లైసెన్సుది."

ఆ మాట సూటిగా తగిలింది. చెయ్యెత్తాను కూడా. అంతలో గుంపులో దారి వచ్చింది. అక్క వస్తే దారి వస్తుంది.

"పోశాలూ, నీ ఇంట్ల ఎన్ని ముడుపులు గట్టినవ్?"

"శానా గట్టిన వదినె. అందుకే సల్లగున్న."

"తల్లి మనకు పానం ఏడికెల్లి ఇస్తాంది?"

"గాలిల నుంచి."

"గాలి దేంట్ల నుంచి వస్తాంది?"

"గొట్టంల నుంచి."

"అంటె అది మైసమ్మ ముక్కు. నువ్వు ఇన్నేండ్ల సంది తల్లి ముక్కుల గుడ్డలు గుక్కి, సల్లగ సూడు తల్లీ అని మొక్కుతున్నవ్. ఆమెకు తుమ్ము రాలేదు, నీ అదృష్టం. వస్తె నువ్వు పొయ్యి భూమ్మీద వడుతుంటివి."

ముందు స్వరూప నవ్వింది. ఆ తర్వాత ఆడవాళ్లంతా. పోశాలు నవ్వకూడదని చాలా కష్టపడ్డాడు. మీసం వణికింది.

"ఇయ్యాల ఆమె నోట్ల ఒక్క మాటన్న వచ్చింది" అని నాకే వినబడేటట్టు అన్నాడు. "ఆదివారం సంది ఈమె సప్పుడు ఇనవడక మా లైనంత పీనుగు లేసిన ఇల్లు లెక్కున్నది."

లోపలికి పోయి జాలీ తానే ఊడదీశాడు.

శుక్రవారం

నిన్న బిళ్లల బండికి ముందువైపు కొక్కెం పెట్టాను. ఇంకో గరిటె కాడ వంచి చేసింది. కొక్కేనికి తాడు. చక్రాలకు పట్టు చాలదని పాత రబ్బరు చెప్పు కోసి తొడిగాను. ముడుపుల కుప్ప ఎక్కి, అవతలికి దిగి, కొక్కెం కుప్పకు అవతలివైపు పడేయాలి. అప్పుడు ఇవతలి నుంచి లాగితే కుప్ప మొత్తం వస్తుంది. ఇవతలివైపు తగిలిస్తే పైన ఉన్న ఒక్క గుడ్డే చిరిగి వస్తుంది. మొదటిసారి అదే జరిగింది.

నేను పోశాలు ఇంట్లో, కంతలో మోచేతి దాకా దూర్చి, రిమోటు మలుపు వైపు పట్టుకున్నాను. అక్క మలుపు అవతల, గొట్టం మీద అరచెయ్యి. నాకు ఆమె కనబడదు. ఆమెకు ఎలాగూ నేను కనబడను. గరిటె చప్పుడు ఒక్కటే మా మధ్య.

రెండు. పోనిచ్చాను. మోటారు మూలుగుతోంది. బండి ఎక్కుతోంది. రేకు మీద చక్రాల చప్పుడు పోయి గుడ్డల మీద మెత్తగా అయింది. ఒకటి. ఆపాను. ఎందుకో తెలియదు. ఆమె చెప్పింది, ఆపాను. మూడు. వెనక్కి తీశాను. రెండు. మళ్లీ ముందుకు. ఒకపక్కకు ఒరుగుతోందని ఆమెకు చేతికి తెలిసిందట, తర్వాత చెప్పింది. నాలుగైదుసార్లు ఎక్కీ దిగీ, చివరకు రేకు మీద టక్కుమని పడ్డ చప్పుడు నాకే వినబడింది. అవతలికి దిగింది.

గరిటె ఒకటి కొట్టాలి. కొట్టలేదు. ఆమె గొంతే వినబడింది, సొరంగమంతా.

"దిగిందిరా! నా శెయ్యి కిందనే ఉన్నదిరా! గుంజుండ్రి!"

తాడు పోశాలు పట్టాడు. ఆయన వెనక స్వరూప, ఆమె వెనక ఎవరుంటే వాళ్లు. మొదట రాలేదు. పోశాలు నడుం వంచి, బాయిలో టబ్బు పట్టాలు తప్పితే ఎత్తేటప్పుడు పెట్టే కేక పెట్టాడు. ఒక్కసారిగా వచ్చింది. కంతలోంచి ముడుపులు జలజలా గచ్చు మీద పడ్డాయి. పసుపు పోయి నల్లబడ్డవి, రాయి జారిపోయినవి, ఒకదానికొకటి చిక్కుపడి జడల్లా అయినవి. చివరన కొక్కెంతోపాటు మా బండి, ఒక చక్రం ఊడి, ఇంకా తిరుగుతూ.

ఆడవాళ్లు కొందరు కళ్లకద్దుకున్నారు. ఒకామె తన బిడ్డ కాన్పుకు కట్టిన గుడ్డ అంచు గుర్తుపట్టి ఏడ్చింది. వాటన్నిటినీ ఒక గంపలో పెట్టి, మైసమ్మ రాయి దగ్గర, నేల మీద, పెట్టాం. ఇకనుంచి ముడుపులు అక్కడే. పోశాలే చెప్పాడు ఆ మాట.

నేను మా ఇంటికి పరుగెత్తాను. నా వయసులో పరుగంటే ఏమిటో మీకు తెలియదు. కాగితం ముక్క కొట్టుకుంటోంది. అక్క కంత కింద మొహం పైకెత్తి నిలబడి ఉంది. నెరసిన వెంట్రుకలు ఎగురుతున్నాయి.

"దుమ్ము వడుతాంది కండ్లల్ల. ఊడ్వలేదా ఏంది?" అంది.

సోమవారం

ఇప్పుడు రాసేది జాగ్రత్తగా చదవండి.

శనివారం నేనే పైకి వచ్చి, మూసే పని ఆపమన్నాను. ముడుపుల సంగతి దాచలేదు. తప్పు మా లైనుది అని నోటితో చెప్పాను. సంహితమ్మ నాతోపాటు దిగి మా ఇంటికి వచ్చింది. కంత దగ్గర అరచెయ్యి పెట్టింది. చాలాసేపు పెట్టింది.

"గాలి వస్తోంది పెద్దాయనా" అంది.

"ఏం బిడ్డా, గట్టిగనే ఒస్తాందా?" అంది అక్క.

"గట్టిగానే అమ్మమ్మా."

ఇవాళ మీ కాగితం వచ్చింది. అందులో మూడు ముక్కలున్నాయి. ఒకటి, రాయి పగిలిందన్న లెక్క పైవాళ్లు ఇదివరకే ఒప్పుకున్నారు కాబట్టి మూసే పని ఆగదు. రెండు, మా ఇళ్లలో మీటరు లేదు కాబట్టి గాలి వస్తోందనడానికి ఆధారం లేదు. మూడు, లైసెన్సు లేకుండా గాలి గొట్టంలో యంత్రం నడిపినందుకు ఆ యంత్రాన్ని స్వాధీనం చేసుకుంటున్నాం. కాగితం తెచ్చిన ఇద్దరు బండిని సంచిలో వేసుకుపోయారు.

స్వరూప వాళ్ల వెంటపడింది. "అయ్యి పోరగాళ్ల బిళ్లలు సారూ! సాయంత్రం అడుగుతరు, ఏం జెప్పాలె?" అంటే, వాళ్లు "యంత్రం విడి భాగాలు" అన్నారట.

అయ్యా, అమ్మా, ఎవరు చదువుతారో వాళ్లు. నేను అడిగినప్పుడు అది బొమ్మ. మీరు నవ్వారు కూడా. పని చేసి చూపించాక అది యంత్రమా? మీ రోవర్ వచ్చే ఏడు చేయాల్సిన పని నా బొమ్మ చేసింది. అది నేరమైతే నన్ను శిక్షించండి. నాకు పని తగ్గించండి, నీళ్ల వంతు తగ్గించండి, ఏం చేస్తారో చేయండి. కానీ గాలి వచ్చే ఇంటిని గాలి లేదని మూయడం ఏ రూలు? మీటరు లేదంటారు. పెట్టాల్సింది మీరు. మీ ఇంజనీరమ్మ చెయ్యి పెట్టి చూసింది. ఆ చెయ్యి మీ ఆఫీసు చెయ్యి కాదా? ఆమెను అడిగాను, ఆ ఒక్కమాట కాగితం మీద రాయమని. "నా పని పోతుంది పెద్దాయనా" అని ఏడ్చినంత పని చేసింది. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. ఆ మాట రాస్తే పని పోయేటట్టు పెట్టుకున్నవాళ్ల మీద ఉంది.

పోశాలు బావ ఇవాళ తన మంచం మోసుకొచ్చి మా ఇంట్లో వేశాడు. మలుపు ఇవతల ఉన్నవాళ్లు కూడా వంతులు వేసుకుని మా ఇళ్లలో కూర్చుంటారట. అది వాళ్లు అనుకున్నది, నేను అడగలేదు.

మా అక్క సామాను కట్టలేదు. కట్టదు. పొద్దున లేచి కుళాయికి పోయింది, నీళ్లు పట్టింది, స్వరూప ఇంటి గడప మీద కూర్చుని పిల్లలకు జోల పాడింది, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఇంటికి వచ్చింది. ఆమె బతుకు ఇదే. ఇంతకంటే ఏమీ అడగడంలేదు.

ఈ ఆదివారం తలుపులు మూయడానికి మీ మనుషులు వస్తే, ఆమె లోపలే ఉంటుంది. నేను ఆమె పక్కనే ఉంటాను. అప్పుడు మూసేది మీరు మనుషులు ఉన్న ఇల్లు. ఆ తర్వాత దానికి ఏ లెక్క రాసుకుంటారో రాసుకోండి.

నాకు బేస్తవారం పొద్దుటి డ్యూటీ దిగేలోగా జవాబు కావాలి. శుక్రవారం కాదు, ఆదివారం పొద్దున తలుపు దగ్గర కాదు. బేస్తవారం. కాగితం పంపకండి. నేను చదవడానికి ఆలస్యమవుతుంది, ఆమె చదవలేదు. మనిషిని పంపండి. ఆ మనిషి మా ఇంటికి వచ్చి, కొమురవ్వ ఎదుట నిలబడి, ఆమెకు వినబడేటట్టు నోటితో చెప్పాలి: ఉంచుతున్నారా, మూస్తున్నారా.